రెండో సీటు

మా ఆయనకి ఒక మరబోటు ఉంది, ఒక తల్లి ఉంది, ఒక పెళ్ళాం ఉంది. ఇవి చాలవన్నట్టు వేట నిషేధం మొదలైన వారానికే ఒక కారు తెచ్చాడు. దానికి రెండే సీట్లు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్ళు ఎక్కువ. మా జాలారిపేటలో అందరూ సముద్రాన్ని తల్లి అంటారు. నాకు మాత్రం అది సవతి. పెళ్ళి పందిరి విప్పకముందే మా ఆయన మోహన్‌ని పిలిపించుకుంది. తిరిగి పంపినప్పుడు కూడా ఊరికే పంపదు, ఒళ్ళంతా తన వాసన పట్టించి పంపుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో ప్రభుత్వం వేట ఆపిస్తుంది. పేటలో అందరూ ఆ రోజులు ఎప్పుడు గడుస్తాయా అని ఏడుస్తారు. నేను పైకి వాళ్ళతో పాటు ఏడుస్తాను, లోపల పండగ చేసుకుంటాను. నా కాపురం అంతా ఆ రోజుల్లోనే మరి. సరిగ్గా ఆ రోజుల్లోకే ఈ ఎర్ర కారు వచ్చి పడింది.

రుషికొండ వైపు ఎవరో బిల్డరు కొడుకు మోజు తీరాక షెడ్డులో పడేసిన బండి అది. విదేశీ కంపెనీ, పేరు నాకు నోరు తిరగదు. పైకప్పు గుడ్డది. మీట నొక్కితే మడతపడి దానంతటదే వెనక్కి పోవాలి. తెచ్చిన రోజున సగం దాకా వెళ్ళి మొరాయించింది, చెరో పక్కనా పట్టుకుని లాగాం. వెనక అద్దం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ రేకు, అదీ పచ్చబడి మసకేసింది. డిక్కీలో చేపల ట్రే ఒక్కటి పట్టదు. స్పీడు బ్రేకరు కనిపిస్తే చాలు, అడుగు గీసుకుని కీచుమంటుంది. మోటారు సామాను కావాలంటే బొంబాయి నుంచి రావాలట.

"తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నీ యవ్వారం" అన్నాను.

మోహన్ నవ్వాడు. ఎండకీ ఉప్పుకీ నల్లబడ్డ ఆ మొహంలో అంత నవ్వు నేను ఎప్పుడూ చూడలేదు. నాకోసం ఎన్నడైనా అలా నవ్వాడా అని అప్పుడే ఒక ముల్లు గుచ్చుకుంది.

"సూర్యకళా, ఈ నిషేధం అయిపోయేలోగా నిన్ను దీంట్లో భీమిలి తీసుకెల్తాను. టాపు తీసేసి, బీచి రోడ్డంట. నువ్వూ నానూ, అంతే. ఇంకోళ్ళు కూసుందామన్నా సోటు నేదు సూడు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మేమిద్దరం ఎక్కడికి వెళ్ళినా మధ్యలో ఎవరో ఒకరు ఉంటారు. ఆటోలో వెళితే మా అత్త. బైకు మీద వెళితే వల మూటో, ఐసు పెట్టో. ఇంకొకరికి చోటు లేని బండి! నాలాంటి కుళ్ళుబోతు దాన్ని దృష్టిలో పెట్టుకునే చేసి ఉంటారనిపించింది.

అక్కడిదాకా బాగానే ఉంది. తప్పంతా పూజ దగ్గర జరిగింది.

విశాఖలో ఎవరు బండి కొన్నా సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించుకుని వస్తారు. నేనూ అదే చెప్పాను. మా ఆయన వింటేగా. "ముందు గంగమ్మ, తరవాతే ఎవులైనా" అని కారుని నేరుగా ఒడ్డు మీది గంగమ్మ గుడికి తోలాడు. అక్కడి పూజారికి తెలిసిన పూజ ఒక్కటే, కొత్త బోటుని నీళ్ళలోకి దించే ముందు చేసేది. ఆయన అదే చేశాడు. కారు ముక్కుకి పసుపు పూశాడు, బొట్లు పెట్టాడు, వేపమండలు కట్టాడు, కోడిని కోయించాడు. పేటంతా చూడ్డానికి వచ్చింది.

మా అత్త చిట్టమ్మ పూజ అయ్యేదాకా చుట్ట కాలుస్తూ నిలబడింది. మా పేటలో పెద్దాడవాళ్ళు కాల్చేది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. ఎంత సముద్రపు గాలికైనా ఆ చుట్ట ఆరదు. హారతి అయ్యాక చుట్ట బయటికి తీసి ఒక్క మాట అంది.

"బోటు పూజ సేసినారు గదా. మరి ఇది బోటే. బోటు మీద ఆడది కాలెట్టకూడదు."

మా వాళ్ళలో అది తాతల నాటి కట్టుబాటు. బోటుకి ఆడదాని పేరు పెడతారు. బోటు తెచ్చిన చేపలు ఆడది మొయ్యాలి, ఆడది అమ్మాలి. కానీ ఆడది కాలు పెడితే గంగమ్మకి కోపం వస్తుందట, వల ఖాళీగా తిరిగొస్తుందట. నేను మోహన్ వైపు చూశాను. అతను కారు వైపు చూస్తున్నాడు.

"బోటేటత్తా, కింద సక్రాలు కనిపించట్లేదా?" అన్నాను.

"గంగమ్మతో ఎకసెక్కాలాడకే" అంది. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆ చుట్ట లోపలికి వెళ్ళిందంటే తీర్పు అయిపోయినట్టే.

ఇంటికొచ్చాక మోహన్‌ని పట్టుకున్నాను. "అమ్మ సెప్పింది గదా. నిషేధం అయిపోతే ఏటకెల్లాలి. ఏదైనా అయితే పేటంతా నిన్నే అంటారు" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. న్యాయం ఉన్న మాటంటే నాకు మరీ ఒళ్ళు మంట.

ఆ తర్వాత మొదలైంది ఊరేగింపు. మొదట బోటులో సగం వాటాదారు అర్జునరావు ఎక్కాడు. ఆయన కూర్చుంటే కారు ఆ పక్కకి ఒరిగిపోయేది. తర్వాత బోటులో పనిచేసే కళాసీలు ఒక్కొక్కరూ. తర్వాత ఐసు ఫ్యాక్టరీ కోటి. ఆఖరికి మాకు వలలు కుట్టే తవిటయ్య కూడా ఎక్కి ఆర్కే బీచి దాకా వెళ్ళి వచ్చాడు. అందరూ చెదిరిన జుట్టుతో దిగి, "బావా, ఇమానం ఎక్కినట్టుందిరా" అనేవారు. నేను గుమ్మంలో నిలబడి వాళ్ళ జుట్టు వైపు చూసేదాన్ని. నా జుట్టు మాత్రం ఎండుచేపల బుట్ట పెట్టుకునే చుట్టకుదురు కింద అణిగిపోయి ఉండేది.

ఎక్కడానికి పనికిరాని ఆడది కడగడానికి పనికొచ్చింది. మొదటిసారి మోహనే కడిగాడు, అలవాటు కొద్దీ బోటు కడిగినట్టు హార్బరు నీళ్ళతో. నాలుగు రోజులకే తలుపు కింద తుప్పు పువ్వులు పూసింది. అప్పటినుంచి మంచినీళ్ళు కావాలన్నారు. కుళాయి దగ్గర వంతు కాసి, బిందెలతో మోసి, పోసి, తుడిచేది నేను. నేల మీద నిలబడి చెయ్యి మాత్రం లోపల పెట్టి సీటు తుడవాలి. ఒకసారి అందక మోకాలు ఆనించాను. ఇంట్లోంచి మా అత్త దగ్గింది.

రాత్రి పక్కలో కూడా అదే గోల. పైకప్పు మోటారు, బ్యాటరీ, రబ్బరు బీడింగు. "ఈ ఉప్పు గాలికి దానికి మంచిది గాదు" అని కలవరించినట్టు అనేవాడు. ఇన్నేళ్ళ నుంచి అదే ఉప్పు గాలిలో నేనూ ఉన్నాను. నాకు మంచిదో కాదో ఎప్పుడైనా అడిగాడా? నిషేధం రోజులు కరిగిపోతున్నాయి. బోటుకి రంగులు వేయడం అయిపోయింది, వలలు సిద్ధమవుతున్నాయి. ఇంకో వారం ఆగితే అతన్ని ఆ సవతి తీసుకుపోతుంది, ఈ సవతి టార్పాలిన్ కింద పడుకుంటుంది. భీమిలి మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఒక పొద్దున్న సీటు తుడుస్తుంటే తేడా కనిపించింది. రెండో సీటు బాగా ముందుకి జరిగి ఉంది. అర్జునరావు పొట్టకి ఆ ఎడం చాలదు. కళాసీలందరూ తాటిచెట్లలాంటి వాళ్ళు. ఎవరో పొట్టి మనిషి కూర్చున్నారు. ఎవరా అని ఆలోచిస్తూనే ఉన్నాను, మల్కాపురం నుంచి మా చెల్లెలు పుష్ప ఫోన్ చేసింది.

"అప్పా, నిన్న పిల్లల్ని తెన్నేటి పార్కుకి తీసుకెల్లినాను. బావ కారు సూసినాను. పక్కన ఎవులో ఆడమనిసి ఉంది."

"ఎవులు?"

"మొకం కనపడనేదు. తలకి రంగు గుడ్డ కట్టుకున్నాది, ఇంతింత నల్ల కళ్ళద్దాలు. సినిమాలోలాగ దర్జాగా కూసున్నాది. నాను సెయ్యూపేలోగా బేగి ఎల్లిపోనారు."

ఫోన్ పెట్టేసి రెండో సీటు వైపు చూశాను. మొగవాళ్ళు ఎక్కితే కడుపు మండింది, అంతే. ఇది వేరు. నా మొగుడి పక్కన, నాకు లేదన్న చోట, ఇంకో ఆడది కూర్చుంది. గంగమ్మ కోపం నా ఒక్కదానికేనా?

మోహన్‌ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు, అది చూడడం నాకు ఇంకా అవమానం. పేరు నాకు అప్పటికే తట్టింది. సాయిదుర్గ. మా అత్త అన్న కూతురు, మోహన్‌కి సొంత మేనమరదలు. ఒకప్పుడు ఆ పిల్లనే చేసుకుంటాడని అనుకున్నారు. ఇప్పుడు హార్బరు రోడ్డులో టైలరింగు షాపు పెట్టుకుంది. పొట్టిగా ఉంటుంది. స్కూటీ మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతుంది. ఇంకేం కావాలి?

ఆ మధ్యాహ్నం మోహన్ "మోటారు సామాను దొరికిందంట, ఆనందపురం ఎల్లొత్తాను" అని కారేసుకుని బయల్దేరాడు. అతను సందు మలుపు తిరిగాడో లేదో నేను కొంగు దోపుకుని సాయిదుర్గ షాపు మీద పడ్డాను. తీరా చూస్తే ఆవిడ అక్కడే ఉంది, జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. అయినా వచ్చిన కోపం వెనక్కి పోదు కదా.

"నా మొగుడి కార్లో కూసున్నావంటగదే? కళ్ళద్దాలెట్టుకుని ఊరేగినావంటగదే?"

సాయిదుర్గ సూది కిందపెట్టింది. "ఓలమ్మా! నన్నెవుడు కూసోబెట్టినాడప్పా? నానడిగినాను. సిగ్గిడిసి అడిగినాను. బోటు పూజైపోనాది, ఆడోళ్ళెక్కకూడదు అన్నాడు బావ. నిన్ను మాత్రం సాటుగా తిప్పుతన్నాడనుకుని ఇన్నాళ్ళూ నాను ఏడుత్తన్నాను."

"నన్నూ ఎక్కించనేదు."

"మరెవుల్నెక్కించినాడు?"

ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆవిడ మొహం చూశాను. ముక్కుపుటాలు అదురుతున్నాయి. కళ్ళలో నిప్పులు పోసుకుంది. అచ్చం నేనే. చెప్పొద్దూ, ఆ క్షణం సాయిదుర్గ అంటే నాకు తోబుట్టువుకన్నా ఎక్కువ ప్రేమ పుట్టింది. ఆవిడ షట్టరు దించేసి స్కూటీ తీసింది. నేను వెనక ఎక్కాను.

ఆనందపురం రోడ్డు పట్టుకోలేదు. అటు వెళ్ళి ఉండడని ఇద్దరికీ తెలుసు. కైలాసగిరి కింద నుంచి బీచి రోడ్డు మీద పోనిచ్చాం. దారంతా ఆవిడ తిట్టింది, నేను అందించాను. విశాఖలో ఎర్ర కారుని, పైకప్పు లేనిదాన్ని, వెతకడం ఏమంత కష్టం? జోడుగుళ్ళపాలెం దాటాక ఒక కొబ్బరిబొండాల బండి పక్కన ఆగి ఉంది. మోహన్ బండి దగ్గర నిలబడి బొండాం కొట్టిస్తున్నాడు. రెండో సీటులో ఆడమనిషి. వెనక నుంచి తలగుడ్డ కనబడుతోంది, ఎర్ర పూల గుడ్డ, కొస గాలికి ఎగురుతోంది. సముద్రం వైపు తిరిగి, మహారాణిలా, చెయ్యి తలుపు మీద ఆనించి కూర్చుంది.

సాయిదుర్గ స్కూటీ ఆపకముందే నేను దూకేశాను. జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చాలన్నది నా ఉద్దేశం. చెయ్యి చాపి కూడా ఆగిపోయాను. ఆ మనిషి చేతిలో ఏమీ లేదు, పెదాలు మూసుకునే ఉన్నాయి, ముక్కులోంచి మాత్రం పొగ వస్తోంది.

"అప్పా" అంది వెనక నుంచి సాయిదుర్గ సన్నగా, "అది అత్త గాదేటి?"

మా అత్త ఇటు తిరిగింది. మోహన్ కళ్ళద్దాలు ఆవిడ మొహానికి పెద్దవి, ముక్కు మీదికి జారాయి. వాటి పైనుంచి నన్ను చూసింది. చుట్ట నోట్లోంచి తీసి, ఆర్పడం కూడా మరిచిపోయి అలాగే పట్టుకుంది.

నేను ముందు మోహన్ మీద పడ్డాను. "ఏటయ్యా, ఆనందపురం ఇక్కడికొచ్చేసినాదేటి?"

అతను బొండాం పట్టుకుని నీళ్ళు నమిలాడు. "అమ్మ... గాలి కోసమని..."

"ఆడ్నేటీ అనకు. నానే అడిగినాను" అంది అత్త.

"బోటు మీద ఆడది కాలెట్టకూడదన్నావు!"

"ముట్లుడిగిపోయిన ముసిల్దానికి తప్పు నేదే. పూజారినడుగు."

అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ అని ఊరికే అనలేదు. కట్టుబాటు ఆవిడే చెప్పింది, దాంట్లో సందు కూడా ఆవిడే చూసుకుంది. ఒళ్ళు భగ్గుమంది.

"తప్పు నేకపోతే ఈ గుడ్డేటి? ఈ అద్దాలేటి? దొంగలాగ ఊరవతల తిరగడం ఏటి?"

బొండాల బండివాడు కత్తి ఆపి చూస్తున్నాడు. మోహన్ మధ్యలో దూరి, "పోనీ ముగ్గురం ఎలగోలా సర్దుకుని..." అన్నాడు. ఇద్దరం ఒక్కసారే "నోరుముయ్" అన్నాం.

అప్పుడు అత్త కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఓర్సలేకపోనానే" అంది. "మీ మావ బోటుకి సాకిరీ సేసి సేసి నా నడ్డి ఇరిగింది. ఒక్కనాడు ఎక్కనిచ్చినాడా? అక్కడ్నించి మన ఒడ్డు ఎలగుంటాదో సూడాలనుందయ్యా అంటే కొట్టడానికొచ్చినాడు. అది సూపించకుండానే ఆడు పోనాడు, నాను ముసిల్దాన్నయిపోనాను. మరి నా కొడుకు కారు తెచ్చినాడు. తెచ్చిన నాడు నీతో అన్న మాట నానూ ఇన్నాను. నువ్వూ నానూ అంతే, ఇంకోళ్ళకి సోటు నేదు అన్నాడు. ఆ ఇంకోళ్ళు ఎవులే? నానే గదా. అందుకే బోటన్నాను. నాకు నేకపోతే నీకూ ఉండకూడదనుకున్నాను."

తిట్లు తినడానికీ తిట్టడానికీ సిద్ధంగా వచ్చినదాన్ని. ఈ మాటకి మాత్రం సిద్ధంగా లేను. నా కడుపులో ఇన్ని రోజులుగా మండుతున్నదాన్ని ఆవిడ తన నోటితో తీసి బయట పెట్టింది. ఇంకో కోడలైతే కాళ్ళ మీద పడి ఏడ్చేదేమో. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. ఆవిడ ఇప్పటికి ఎన్నిసార్లు కూర్చుందో. నేను ఒక్కసారీ కూర్చోలేదు.

"దిగత్తా" అన్నాను.

ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు చేతిలో బొండాం వైపు చూసుకున్నాడు. అత్త తలుపు తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, ఆ పల్లపు సీటులోంచి నెమ్మదిగా పైకి లేచింది. చెయ్యి అందించాలని సాయిదుర్గ ముందుకి వస్తే విదిలించేసింది.

"బోటు గదా మరి. నానెక్కొచ్చా?" అని అడిగాను. గుచ్చాలనే అడిగాను.

"బోటేటే, నీ బొంద. పెట్రోలు కారు. ఎక్కు."

ఎక్కాను. అంత కిందికి ఉంటుందని తెలియదు, దబ్బున పడ్డాను. మోకాళ్ళు ముందు బోర్డుకి కొట్టుకున్నాయి. ఆవిడ కొలతకి జరిపిన సీటు అది. ఎలా సర్దుకోవాలో తెలియక అవస్థ పడుతుంటే అత్త తలుపు మీదుగా వంగింది.

"ఆ కింద కమ్మీ ఉంటాది. పట్టుకుని ఎనక్కి తన్ను."

లాగాను. సీటు వెనక్కి జారింది. కాళ్ళు చాచుకునేంత చోటు వచ్చింది.

"బెల్టు గుంజితే రాదు. మెల్లగా లాగాలి. ఆ, అలగ" అంది. నేను ఇన్నాళ్ళూ కలలు కన్న సీటులో ఎలా కూర్చోవాలో ఆవిడ నాకు నేర్పుతోంది. అది కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

మోహన్ వచ్చి కూర్చున్నాడు. తల్లి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "ఎక్కడికి?" అన్నాడు.

"భీమిలి" అన్నాను.

కారు కదిలింది. గాలి మొహాన కొట్టింది, ముడి ఊడి జుట్టు ఎగిరిపోయింది. వెనక్కి చూడకూడదని గట్టిగా అనుకున్నాను. పైకప్పు లేని కారులో తల తిప్పితే చాలు కదా. తిప్పాను. సాయిదుర్గ స్కూటీ స్టార్టు చేసి రమ్మని పిలుస్తోంది. అత్త ఎక్కలేదు. రోడ్డు మధ్యలో నిలబడి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తోంది. బోట్లు హార్బరు దాటుతున్నప్పుడు ఒడ్డున ఆడవాళ్ళం అందరం అలాగే నిలబడతాం. ఇన్నేళ్ళూ నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. మొదటిసారి నేను వెళ్ళేవాళ్ళలో ఉన్నాను, ఆవిడ ఒక్కతే అక్కడ ఉండిపోయింది.

"ఆపమంటావా?" అన్నాడు మోహన్. అతనూ అద్దంలో చూస్తున్నాడు.

జాలి వేసింది. నిజంగానే వేసింది. సంతోషమూ వేసింది. ఆవిడ చూస్తోందని ఆ సంతోషం ఇంకాస్త ఎక్కువైంది.

"పోనియ్" అన్నాను.